కాటుక చంద్రుడి మీద నిలబడ్డవాడు

రాయపూర్, ఖమ్తరాయ్
7 జూన్ 2023

మల్లేశ్వరరావుకి,

క్షేమం అడగను. నాది చెప్పను. పదిహేడేళ్ళుగా లేని మర్యాద ఇప్పుడు కొత్తగా ఎందుకు.

నువ్వు నా పెళ్ళాన్ని బతికుండగానే చంపి పత్రికలో వేశావు. ఈ మాట నీ మొహం మీద అనాలని శేషమ్మ పోయిన పన్నెండో రోజునే అనుకున్నాను. నువ్వు మా క్వార్టరు అరుగు మీద వచ్చి కూర్చున్నావు. నేను చూసి లోపలికి పోయి తలుపేసుకున్నాను. తోడబుట్టినదాన్ని పోగొట్టుకున్నవాడివి గదా అని ఆ రోజు ఊరుకున్నాను. ఆ మాట చేపముల్లులా గొంతులోనే ఉండిపోయింది. మింగుడుపడదు, బయటికి రాదు.

మొన్న నీ కూతురు నీలిమ ఫోన్ చేసింది. "మావయ్యా, నాన్న జంటకిరణం సీరియల్ పుస్తకంగా వేస్తున్నాం. మొదటి పేజీలో అత్త ఫోటో వేద్దామని. నీ దగ్గరుంది గదా, పంపవా?" అంది. పిల్ల మంచిది. దాని మీద అరిచాను. తరవాత బాధపడ్డాను. అరవాల్సింది నీ మీద గదా, అందుకని ఈ ఉత్తరం.

నీకు చెవులు పోయాయట. మంచిదే. నాకూ నీ గొంతు అక్కర్లేదు. ఏదన్నా ఉంటే రాయి. నాకు రాయడం ఎంత కష్టమో నీకు తెలుసు. నాలుగో తరగతి దాకా హిందీ బడి, ఆ తరవాత సుత్తి. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక మీ అప్ప శేషమ్మే నేర్పింది, క్వార్టరు గచ్చు మీద సుద్దముక్కతో. ఒక్క పేజీకి ఒక పూట పడుతుంది. అయినా రాస్తున్నానంటే ఎంత కోపం ఉండాలో నువ్వే అనుకో.

నీ కథ నేను మర్చిపోయానని అనుకోకు. వారం వారం విశాఖ పాసింజరులో పత్రిక వచ్చేది. స్టేషనుకి పోయి తెచ్చేవాణ్ణి. మీ అప్ప చదివేది, నేను వినేవాణ్ణి. కాటుక చంద్రుడు అని ఒక గోళం. ఆకాశం ఎర్రగా, నేల నల్లగా, ఆరేసిన బట్ట మీద మసి. అది నువ్వు కనిపెట్టినది కాదు. మా డాబా మీద పడుకుని సిల్తారా ఇనప ఫ్యాక్టరీల కొలుముల వైపు చూసి రాసుకున్నది. అక్కడ కాపలా భీమన, వాడి పెళ్ళాం తార. వాళ్ళ చేతిలో జంటకిరణం. మనిషిని మించిన గొట్టం, రెండు పిడులు. ముందు పిడి పట్టినవాడు గురి చూడాలి. వెనక పిడి పట్టినది తన ఒంటి వేడి ఇవ్వాలి. ఇద్దరూ పడితేనే వెలుగు బయటికొచ్చి చీకటి ఓడల్ని కోస్తుంది. ఒకరు వదిలేస్తే ఉత్త గొట్టం. ఇద్దరి మనసూ కలిస్తే తెల్లటి కిరణం, దెబ్బలాడుకుంటే ఎర్రది.

అదీ నాదే. రైల్వే వ్యాగన్ షాపులో నేను ఇవతల నుంచి రివెట్టు కొడితే, దానియేలు అవతల ఇనప దిమ్మ ఆనించి పట్టేవాడు. అవతల పట్టేవాడు లేకపోతే రివెట్టు కూర్చోదురా అని నీకు చెప్పింది నేను. నువ్వు దానికి వెలుగు తగిలించి నీ పేరు రాసుకున్నావు. పోనీ. అది అడగను.

నేనడిగేది ఆఖరి వారం సంగతి. తార వేడి అయిపోయి చచ్చిపోతుంది. చీకటి ఓడలూ అయిపోతాయి. మిగతా కాపలావాళ్ళు ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. భీమన గొట్టం పట్టుకుని ఒక్కడే. ఆఖరి మాట, "అతను నిలబడే ఉన్నాడు." అది రాసేసి నువ్వు చేతులు కడుక్కున్నావు. ఆ ముక్క మీ అప్ప తన నోటితో నాకు చదివి వినిపించింది. ఆరు నెలలు తిరక్కుండా తనూ పోయింది. నీ రాత తగిలింది దానికి.

వాడు ఆనాటి నుంచీ అక్కడ నిలబడే ఉన్నాడు మల్లేశూ. కూర్చోమని కూడా అనలేదు నువ్వు.

పుస్తకంలో ఆఖరు మార్చు. భీమన ఒక్కడే జంటకిరణం పేల్చాలి. నాకు ఇంకోటి వద్దు. అలా రాస్తేనే ఫోటో. లేకపోతే ఫోటో లేదు, నువ్వు నాకు ఏమీ కావు.

అచ్చయ్య

*

విజయనగరం
19 జూన్ 2023

బావకి నమస్కారం.

కవరు మీద అడ్రసు చూసి గుమ్మంలోనే కూర్చుండిపోయాను. విప్పితే, నీ 'ళ' ఇప్పటికీ అప్ప 'ళ' లాగే ఉంది, తోక లోపలికి తిరిగి. లోపల తిట్లున్నాయని తెలిసినా ముందు ఆ అక్షరాలే రెండు పూటలు చూసుకున్నాను. ఆ తరవాత తిట్లు చదివాను.

చెవులు పోలేదు బావా, అలిగాయి. మీ చెల్లెలు పార్వతి వంటింట్లోంచి కేకేస్తే వినపడదు, గొణిగితే వినపడుతుంది. బడిలో ముప్ఫై ఏళ్ళు పిల్లల గోల విన్నాను, ఇక చాలనుకున్నాయేమో.

సిల్తారా మంటలు నీవే, రివెట్టు నీదే, ఒప్పుకుంటాను. ఎప్పుడూ కాదనలేదు. నీలిమ ముందుమాట రాయమంటే మొదటి వాక్యమే అది రాశాను. కానీ భీమన ఒక్కడే పేల్చడం కుదరదు. నియమం తప్పితే అది జంటకిరణం కాదు, టార్చిలైటు. అవతల పట్టేవాడు లేకుండా నువ్వు ఒక్క రివెట్టయినా కూర్చోబెట్టావా? మరి వాడు ఎలా పేలుస్తాడు?

నీ మాట తీసెయ్యలేక ఒక దారి ఆలోచించాను. ఆఖర్న ఇంకో ఓడ వస్తుంది. భీమనని ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోతుంది. వాడు కూర్చుంటాడు కూడా, కిటికీ పక్కన. నీకు సరేనా? సెప్టెంబరు ఆఖరుకి ప్రెస్సుకి ఇవ్వాలంటోంది నీలిమ. అందాకా మార్చుకోవచ్చట.

అప్పని నేను చంపలేదు బావా. దాని గురించి అంతకంటే రాయలేను.

నువ్వు ఇనప గొట్టంతో నిజంగా ఒక జంటకిరణం చేశావని అప్ప అప్పట్లో మురిసిపోతూ చెప్పింది. అది ఉందా ఇంకా? ఒక్కసారి చూడాలని ఉండేది.

నీ
మల్లేశు

*

రాయపూర్
8 జూలై 2023

మల్లేశ్వరరావుకి,

ఓడ పంపిస్తావా? ఇంటికి పోతాడా? ఎవరింటికి? కాపలా ఉన్న చోటే వాడి ఇల్లు. పెళ్ళాం పోయినది అక్కడే. అక్కణ్ణించి ఎక్కించుకుపోయి కిటికీ పక్కన కూర్చోబెడితే వాడు ఏం చూడాలి బయట? నీకు బడి ఉండేది, పిల్లలున్నారు, పార్వతి గొణుగుతుంది. కాబట్టి ఇల్లు అంటే ఒకటి ఉంటుందనుకుంటావు.

గొట్టం ఉంది. కబాడీవాడి దగ్గర పాత పైపు కొని, నాలుగు ఆదివారాలు కూర్చుని చేశాను. రెండు పిడులూ దూరం దూరంగా పెట్టాను, నీ కథలో ఉన్నట్టే. ఒక్క మనిషి చేతులు రెండిటికీ అందవు. అందితే ఇంకేం జంట.

ఆ ఏడాది విశ్వకర్మ పూజకి దాన్ని షాపుకి పట్టుకుపోయాను. నీకు తెలుసో లేదో, ఆ రోజు షాపులో పని ఉండదు. పనిముట్టన్నది ఎవడూ ముట్టడు. అన్నీ కడిగి, వరసగా పెట్టి, బొట్లు పెట్టి దండం పెడతాం. ఇంటి ఆడవాళ్ళని లోపలికి రానిచ్చేది ఏడాదికి ఆ ఒక్క రోజే. సుత్తులు, శానాలు, రివెట్ల కొలిమి, వాటి మధ్యలో నా జంటకిరణం. పండిట్‌జీ చూశాడు.

"యే క్యా హై, అచ్చయ్యా?"

"హథియార్ హై, పండిట్‌జీ."

"పూజ ఔజార్లకి, హథియార్లకి కాదు. తీసెయ్ ఇక్కణ్ణించి."

షాపంతా నవ్వింది. ఉన్నది పనిముట్లు, నేను పెట్టింది ఆయుధం, అదీ లోకంలో లేని ఆయుధం. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు మీ అప్ప పండరీ బజారులో కొన్న పసుప్పచ్చ చీర కట్టుకుని గుంపులోంచి ముందుకొచ్చింది. వచ్చీరాని హిందీలో, "పండిట్‌జీ, ఇది మేమిద్దరం పట్టుకునేది. ఇద్దరూ పట్టుకునేది ఔజారే" అని, తనే బొట్టు పెట్టేసింది. ఆయన పక్కనున్న సుత్తుల వైపు జరిగాడు. సాయంత్రం దాన్ని ఇంటికి మోసుకొచ్చాం. ముందు పిడి నేను, వెనక పిడి తను. "అమ్మో, ఏం బరువు. తార ఎలా మోస్తందో గాని" అంది. దారిలో దేని గురించో దెబ్బలాట కూడా అయింది. "అదిగో, ఎర్రది వస్తంది, జాగర్త" అని నవ్వింది.

అది ఇప్పుడు గోడ మీద ఉంది. రెండు మేకులకు.

పోయిన ఏడు దానియేలుని పట్టమన్నాను. పట్టాడు.

"ఎవడి మీద పేలుస్తాంరా అచ్చిగా?" అన్నాడు.

"మా బావమరిది మీద."

"విజయనగరం దాకా అందుద్దా?"

"గురి నాది. నువ్వు వేడి ఇయ్యి, చాలు."

"వేడా? బీపీ ఉంది, అదిస్తాను తీసుకో" అన్నాడు.

నవ్వుకున్నాం. ఈ వేసవిలో వాళ్ళ అమ్మాయి హెలెన్ వచ్చి వాణ్ణి బిలాస్‌పూర్ తీసుకుపోయింది. అది అక్కడ నర్సు. మంచిదే, చూసుకుంటుంది. ఇప్పుడు ఈ గల్లీలో తెలుగు మాట్లాడేవాడు లేడు. పొరుగింటి సాహు కోడలు పొద్దున గోడ మీంచి "కకా, భాత్ ఖా డారేవ్ కా?" అని అడుగుతుంది. తిన్నా తినకపోయినా హవ్ అంటాను. రోజుకి అదొక్క మాటే. ఒక్కోసారి నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది. ఇది నీకు జాలికోసం రాయడం లేదు. సంగతి చెబుతున్నాను, అంతే.

ఇంకోటి. "అంతకంటే రాయలేను" అన్నావు. రివెట్టు మీద సుత్తితో తడితే లోపల గట్టిగా ఉందో బోలుగా ఉందో చప్పుడే చెబుతుంది. నీ మాట బోలుగా మోగింది. ఏదో దాస్తున్నావు. బతికున్న మనిషి మీద చావు రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చింది? అది చెప్పు. అది చెప్పకుండా ఓడలు, కిటికీలు నాకు పంపకు.

అచ్చయ్య

*

విజయనగరం
24 జూలై 2023

బావా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. చెప్పనని అప్పకి ఒట్టు వేశాను. నిన్న పార్వతి, "ఒట్టు పెట్టించుకున్నావిడా లేదు, నువ్వూ ఎన్నాళ్ళుంటావో తెలీదు. ఇంకెవరి కోసం దాచడం?" అంది. గొణగలేదు, గట్టిగానే అంది. అదీ వినపడింది.

మా నీలిమ ఓణీల వేడుకకి అప్ప ఒక్కతే వచ్చింది, గుర్తుందా? కార్తీకమాసం. నీకు సెలవు దొరకలేదు. వేడుక అయ్యాక మూడు రోజులు ఎక్కువ ఉంది. బట్టలు కొనుక్కోవడానికి అని నీకు చెప్పింది. బట్టలకి కాదు. నన్ను తీసుకుని విశాఖ పెద్దాసుపత్రికి వెళ్ళింది. కడుపులో గడ్డ. కోసినా ఉపయోగం లేదన్నారు. ఏడాది లోపు అన్నారు. నీకు తెలిసింది ఆఖరి రెండు నెలలు. తనకి ముందే తెలుసు, నాకు తెలుసు.

మర్నాడు పెరట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. ఏమీ జరగనట్టు అడిగింది.

"ఒరే, తారని ఎప్పుడు చంపుతావు?"

"చంపడమేటప్పా? తార లేకపోతే జంటకిరణం ఏమైపోద్ది?"

"అదే రాయి. ఏమైపోద్దో రాయి. మీ బావ వినాలి."

నాకు అప్పుడు అర్థమైంది. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "ఎదరగా కూకోబెట్టి చెప్పేయొచ్చు గదప్పా" అన్నాను.

"చెప్తే వింటాడేటి? డూటీ మానీసి డాక్టర్ల మీద పడతాడు. ఎవుడో ఒకడ్ని కొట్టీగలడు. నాకున్న కొద్ది నెల్లూ ఆస్పత్రి బెంచీల మీద అయిపోతాయి. కథయితే నోరు మూసుకుని వింటాడు. లోకంలో ఆయన నోరు మూసుకుని వినీది అదొక్కటే. ముందు చెవిన పడనీ. తరవాత మనసులోకి అదే దిగుద్ది."

నేను రాయనన్నాను. తల మీద చెయ్యి పెట్టించుకుంది. "మీ బావకి చెప్పినావంటే నువ్వు నా తమ్ముడివి కావు" అంది. నువ్వు మొన్న రాసిన మాటే, నువ్వు నాకు ఏమీ కావు అని. మీ ఇద్దరికీ ఒకే బెదిరింపు వచ్చు.

ఆఖరి వారం పోస్టు చేసే ముందు ఆవిడ స్టేషను దగ్గర ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది, చదివి వినిపించమని. చదివాను. నేను రాసినది, "అతను గొట్టం పక్కన కూలబడి ఏడ్చాడు" అని. అప్ప ఒప్పుకోలేదు.

"కూలబడ్డం ఏటి? ఆయన అలాటోడు కాడు. నిలబడ్డాడని రాయి."

"ఎన్నాళ్ళు నిలబడతాడప్పా?"

"అవతల పిడి పట్టడానికి ఎవులో ఒకులు వచ్చీదాకా" అంది.

కాబట్టి ఆ ఆఖరి మాట నాది కాదు. అప్పది. అందులో మొదటి సగమే నేను పత్రికకి పంపాను. రెండో సగం పంపలేదు. ఎవరొస్తారో నాకు తెలీలేదు. తెలియనిది రాయడం అబద్ధం అనిపించింది. పన్నెండో రోజున మీ అరుగు మీద ఎందుకు వచ్చి కూర్చున్నానో నువ్వు అడగలేదు. నువ్వు తలుపేసుకున్నాక చీకటి పడేదాకా ఉండి, బండెక్కాను.

ఇదీ దాచినది. ఇక దాచింది ఏమీ లేదు. పుస్తకంలో ఏం చేయమంటావో నీ ఇష్టం. కూర్చోబెట్టమన్నా కూర్చోబెడతాను. ఒక్కడే పేల్చాలంటే, నియమం విరగ్గొట్టయినా పేలుస్తాను.

మల్లేశు

*

రాయపూర్
5 ఆగస్టు

మల్లేశుకి,

నీ ఉత్తరం అందింది. చదివాను. ఇప్పుడేమీ రాయను. నువ్వూ రాయకు.

అచ్చయ్య

*

విజయనగరం
20 ఆగస్టు 2023

బావా,

రాయకు అన్నావు. రాస్తున్నాను. చిన్నప్పటి నుంచీ నీ మాట విననివాణ్ణి, ఇప్పుడు వింటానా.

నీలిమ నీకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్ వస్తోందట. వారం నుంచీ. చార్జింగు పెట్టలేదేమో అంటుంది పార్వతి. నేనూ అదే అనుకుంటున్నాను. అనుకుంటూనే రోజూ పోస్టు వచ్చే వేళకి గేటు దగ్గర ఉంటున్నాను. సైకిలు బెల్లు నాకు వినపడదు గదా, అందుకని కళ్ళతో కాపలా.

పుస్తకం సంగతి తరవాత. నువ్వు ఏం చెప్పినా నీలిమ ఆగుతానంది. నేనడిగేది వేరే. ఒక ఉత్త కార్డు పడెయ్. లోపల ఏమీ రాయక్కర్లేదు. పైన నా అడ్రసు నీ చేత్తో ఉంటుంది గదా. విజయనగరంలో 'ళ' లేదు గానీ, మల్లేశ్వరరావులో నీ రెండు 'ల'లు ఒకదాని కింద ఒకటి నలిగిపోయి ఉంటాయి. అది చాలు నాకు.

మల్లేశు

*

రాయపూర్, ఖమ్తరాయ్
30 ఆగస్టు 2023

మల్లేశూ,

బతికే ఉన్నాను. ఉత్త కార్డు వేయడానికి నేనేమన్నా పిచ్చోణ్ణా. ఫోను నీళ్ళబకెట్లో పడింది. బాగుచేయించలేదు. రోజుకొక మాట మాట్లాడేవాడికి ఫోను ఎందుకు.

నీ ఉత్తరం మొదట చదివినప్పుడు నిన్ను నరికేయాలనిపించింది. ఇద్దరూ కలిసి నన్ను పసిపిల్లాణ్ణి చేశారు. అప్పాతమ్ముడూ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ నా బతుకు మాట్లాడుకున్నారు. నాకు ముందే చెబితే డాక్టర్ని కొట్టేవాణ్ణి, నిజమే. కొడితే ఏం పోయింది? ఆ కొద్ది నెలలూ బెంచీ మీదే కానీ, తెలిసి పక్కన కూర్చునేవాణ్ణి. నాకు చెప్పకపోవడం తప్పే. ఇది నేను చచ్చేదాకా అంటాను. నువ్వు ఒప్పుకున్నావు గదా అని మర్చిపోతానని అనుకోకు.

ఆ ఆఖరి వారం చదివిన రోజు నాకు మొత్తం గుర్తొచ్చింది. డూటీ దిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. మీ అప్ప చదువుతోంది. తార ఒంట్లో వేడి అయిపోయిందని, ఎన్నాళ్ళ నుంచో తగ్గిపోతున్నా మొగుడికి చెప్పలేదని వచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"ముందే చెప్పొచ్చు గదా మొగుడికి? ఏం రోగం ఈ మనిషికి?" అన్నాను.

మీ అప్ప చదవడం ఆపింది. గ్లాసుడు నీళ్ళు తాగింది.

"చెప్తే ఆయన పేల్చడం మానీడా?" అంది.

"మానేయాలి మరి."

"అందుకే చెప్పలేదు" అంది.

అని నా మొహంలోకి చూసింది. ఏదో నేను అడగాలన్నట్టు చూసింది. నేను "తరవాత?" అన్నాను. "అతను నిలబడే ఉన్నాడు" అని చదివి, పత్రిక మడిచి, "అయిపోయింది. నిలబడ్డాడుగా, అది చాలు" అని లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. ఆ వేళ చారు పెట్టింది. ఉప్పు వేయలేదు. దానికీ అరిచాను.

మల్లేశూ, ఇన్నేళ్ళూ ఆ మాట మీద నేను నిన్ను తిట్టుకున్నాను. అది తను నాకు చెప్పిపోయిన మాట. నీ చేతి మీదుగా వచ్చింది గనక నీ మాట అనుకున్నాను.

ఆ మాట ముట్టుకోకు. ఒక్కడే పేల్చాలన్నాను చూశావా, అది వెనక్కి తీసుకుంటున్నాను. వాడు పేల్చక్కర్లేదు. ఓడ వద్దు. కూర్చోబెట్టనూ వద్దు. కానీ దాని కింద మీ అప్ప చెప్పిన రెండో సగం వెయ్యి. అవతల పిడి పట్టడానికి ఎవరో ఒకరు వచ్చేదాకా. మనిషి చెప్పిన మాటలో సగం మింగేయడానికి నువ్వెవరివి? ఎవరొస్తారో తెలీదు అని ఆపేశావు. నీకు తెలీకపోతే ఏం, ఆవిడకి తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న గొట్టం మసి తుడుద్దామని ఒక్కణ్ణే గోడ మీంచి దించబోయాను. ముందు పిడి చేతికి అందింది. వెనక చివర మేకు మీంచి జారి నేల మీద పడింది. గచ్చు పగిలింది. నా కాలికి తప్పింది, బొటనవేలు మాత్రం నల్లబడింది. అప్పటి నుంచీ అది ఒక చివర గోడకి, ఒక చివర నేలకి, ఏటవాలుగా ఉంది. ఎత్తి పెట్టలేను, దించలేను. దాని కింద నుంచి వంగి వంటింట్లోకి పోతున్నాను. సాహు కోడలు చూసి, "కకా, ఎవర్నన్నా పిలవనా?" అంది. వద్దన్నాను. అది ఎవర్ని పడితే వాళ్ళని పట్టమనేది కాదు.

సెప్టెంబరు పదిహేడు విశ్వకర్మ పూజ. ఆదివారం వచ్చింది. రిటైరైనవాళ్ళకి కూడా గేటు తీస్తారు ఆ రోజు. మీ అప్ప పోయాక నేను మళ్ళీ పోలేదు. ఈసారి దాన్ని తీసుకుపోయి సుత్తుల పక్కన పెట్టాలి. పాత పండిట్‌జీ పోయాడు, ఇప్పుడు వాళ్ళబ్బాయి. అతను కూడా ఇది హథియార్ అంటాడు. అంటే జవాబు ఏం చెప్పాలో నాకు తెలుసు. కానీ ఇద్దరం పట్టుకునేది అని చెప్పడానికి ఇద్దరుండాలి గదా. ముందు పిడి నాది. వెనక పిడి ఖాళీ.

నీకు చెవుల్లేవు గానీ చేతులున్నాయి గదా.

మర్నాడే చవితి, ఇంట్లో వినాయకుడి పూజ అని సాకులు చెప్పకు. ఆ సాయంత్రం బండెక్కితే పొద్దుటికి పార్వతి ముందు కూర్చుంటావు. నేను స్టేషనుకి రాను. ఆటోవాడికి వ్యాగన్ షాపు గేటు అని చెప్పు, కేకేసి చెప్పు, నీ చెవులకి వినపడేంత. ఫోటో తీసి పెట్టాను. ఆ పసుప్పచ్చ చీరలోదే. పోస్టులో వేయను. నీ చేతికే ఇస్తాను, వస్తేనే.

మనిద్దరం పడితే ఎర్రదే వస్తుంది. నాకు తెలుసు. రానీ.

వస్తున్నావో లేదో జవాబు సెప్టెంబరు పదో తారీఖు లోపల నా చేతిలో పడాలి. ఆలోచించి చెబుతాను అని రాయకు. వస్తాను, లేదా రాను, రెండిట్లో ఒకటి రాయి. అందాకా గుమ్మంలో నిలబడే ఉంటాను. ఈ మోకాళ్ళు నావి, కథలోవాడివి కావు. అది జ్ఞాపకం పెట్టుకుని కార్డు తొందరగా వెయ్యి.

అచ్చయ్య